జాన్ టిల్లీ భార్య పేరు

మా మావయ్య ఉండేది మాసచూసెట్స్‌లో, ప్లిమత్‌కి గంట దూరంలో. ఆయన కోడలు అమెరికా అమ్మాయి. ఆమె తల్లి చిన్నప్పటి నుంచి ఒక మాట వింటూ పెరిగిందట: తమ వంశం 1620లో మేఫ్లవర్ ఓడ దిగిన జాన్ హౌలండ్ దాకా వెళ్తుందని. ఆ మాటకి తరం తరానికీ కాగితం చూపించి, మేఫ్లవర్ వారసుల సంఘంలో చేరాలని ఆవిడ కోరిక. ఉద్యోగం విరమించాక మావయ్య ఆ పని తన భుజాన వేసుకున్నాడు. వియ్యపురాలి వంశం మీద ఆయనకి అంత పట్టుదల దేనికని మొదట్లో అందరం ఆశ్చర్యపోయాం.

మా అమ్మ కాకినాడలో ముప్ఫయ్యేళ్ళు చరిత్ర పాఠం చెప్పింది. కిందటేడు ఇద్దరం మావయ్య ఇంటికి వెళ్ళాం. ప్లిమత్ చూసి వచ్చిన సాయంత్రం, వంటింటి బల్ల మీద ఆయన పరిచిన వంశవృక్షం దగ్గర అక్కాతమ్ముళ్ళకి వాదన మొదలైంది. అన్నం చల్లారింది గాని మాట చల్లారలేదు. నేను మధ్యలో వేలు పెట్టలేదు. ఆ రాత్రే కాగితం మీద పెట్టుకున్నది ఇది.

అమ్మ: ఏమీ అనుకోకురా. నాకిదంతా “తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి” అన్నట్టే ఉంది. నాలుగు వందల ఏళ్ళ కిందట ఎవరో ఓడ దిగితే, ఆ పేరు చెప్పుకుని ఇవాళ ఒక సంఘంలో చేరడమేమిటి? వంశం పేరు చెప్పి ఎదుటివాడిని తక్కువ చేసేవాళ్ళని మన ఊళ్ళో చూసీ చూసీ పెరిగాం. మళ్ళీ ఇక్కడా అదేనా?

మావయ్య: ఓడ దిగినవాడిని పక్కన పెట్టు అక్కా. ఈ గడి చూడు. హౌలండ్ భార్య, ఎలిజబెత్ టిల్లీ. ఓడెక్కేనాటికి పదమూడేళ్ళ పిల్ల. అమ్మా నాన్నా తోడుగానే వచ్చారు. ఒడ్డు చేరిన కొద్ది నెలల్లోనే ఇద్దరూ పోయారు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ ఆ ఓడలో ఎవరెవరు వచ్చారో కుటుంబాలవారీగా రాసిపెట్టాడు. తండ్రి పేరు జాన్ టిల్లీ అని ఉంది. కూతురు ఎలిజబెత్ పేరుంది. తల్లి దగ్గరికి వచ్చేసరికి, ‘అతని భార్య’ అని ఊరుకున్నాడు. ఆ మనిషి సముద్రం దాటి వచ్చి, బిడ్డని ఒంటరిగా వదిలి, ఆ చలిలో చచ్చిపోయింది. పేరైనా మిగల్లేదు.

అమ్మ: మరి ఈ గడిలో జోన్ హర్స్ట్ అని రాశావు?

మావయ్య: వంశాలు వెతికేవాళ్ళు పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లో హెన్లో అనే పల్లె ఉంది. ఆ ఊరి చర్చి పుస్తకంలో 1596లో జాన్ టిల్లీకీ జోన్‌కీ పెళ్ళి. 1607లో ఎలిజబెత్‌కి బాప్తిస్మం. జోన్‌కి అది రెండో పెళ్ళి, అప్పటికే ఒక మొగుడు పోయాడు. పుట్టిల్లు హర్స్ట్ వాళ్ళది. మేఫ్లవర్ మీద లావుపాటి పుస్తకాలు రాసిన పెద్దమనుషులకి ఈ పేరు అక్కర్లేకపోయింది. వాళ్ళకి ఆ ఓడలో సంతకాలు పెట్టిన మగాళ్ళు చాలు. ఆమె పేరు కావలసి వచ్చింది ఆమె కడుపున పుట్టినవాళ్ళకే.

అమ్మ: వాళ్ళకి నిజం కావాలా, గొప్ప కావాలా? హౌలండ్ వారసులు చాలాకాలం ఏమని చెప్పుకున్నారో ఇవాళ మ్యూజియంలో నువ్వే చెప్పావు. ఎలిజబెత్ గవర్నర్ కార్వర్ ఇంటి ఆడపిల్ల అన్నారు. అనాథ పిల్ల అంటే చిన్నతనం, గవర్నర్ గారి బిడ్డ అంటే పెద్దరికం. వంశం కథలన్నీ పైకే ఎక్కుతాయి గాని కిందికి దిగవురా.

మావయ్య: ఆ అబద్ధాన్ని దించింది కూడా కాగితమే. బ్రాడ్‌ఫర్డ్ రాతప్రతి బోస్టన్ నుంచి ఎటో పోయింది. 1855లో లండన్‌లో ఫుల్‌హామ్ ప్యాలెస్‌లో, బిషప్ గారి పుస్తకాల్లో బయటపడింది. మరుసటేడు అచ్చయింది. అందులో హౌలండ్ పెళ్ళాడింది టిల్లీ కూతుర్ని అని స్పష్టంగా ఉంది. అంతటితో కార్వర్ కథ చెల్లిపోయింది. అదే ఓడలో వచ్చిన సుసానా వైట్ సంగతి చూడు. ఒడ్డు కనిపించాక ఓడలోనే బిడ్డని కంది. మూడు నెలలకి మొగుడు పోయాడు. మే నెలలో, ఆ మధ్యే భార్య పోయిన ఎడ్వర్డ్ విన్‌స్లోని చేసుకుంది. ఆ వలసలో జరిగిన మొదటి పెళ్ళి అదే. అంత ముఖ్యమైన మనిషి పుట్టిల్లు ఏదో మొన్నమొన్నటిదాకా తప్పుగా రాసుకున్నారు, ఫుల్లర్ వాళ్ళ ఆడపడుచని. 2017లో గాని ఆమె జాక్సన్ వాళ్ళ పిల్లని తేలలేదు.

అమ్మ: 18 మంది పెద్ద ఆడవాళ్ళు ఓడెక్కితే 1621 పంట చేతికొచ్చేనాటికి బతికున్నది నలుగురు. యాభై మందికీ, పంట విందుకొచ్చిన తొంభై మంది వాంపనాగ్ మూలవాసులకీ వండి వార్చింది ఆ నలుగురూ, వాళ్ళ చేతికింద ఆడపిల్లలూనూ. సరే, ఆ నలుగురి వారసులు సంఘాలు పెట్టుకున్నారు. బిడ్డల్ని కనకుండా పోయినవాళ్ళకి నీ చెట్టులో కొమ్మేదిరా? ఇక ఆ నేల ఎవరిదో వాళ్ళ సంగతి. పొకాసెట్ తెగవాళ్ళకి వీటమూ అనే ఆడమనిషి నాయకురాలు. ఇంగ్లీషువాళ్ళతో యుద్ధంలో 1676లో నది దాటుతూ మునిగిపోయింది. ఆమె తల నరికి టాంటన్‌లో గుంజకి గుచ్చి నిలబెట్టారు. ఎలిజబెత్ టిల్లీ అప్పటికి బతికే ఉంది, ప్లిమత్ గడ్డ మీదే. నీ కాగితంలో ఒకావిడకి గడి ఉంది, రెండో ఆవిడకి లేదు.

(ఇక్కడ మావయ్య లేచి కాఫీ పెట్టాడు. ఆయన జవాబు దొరకనప్పుడు కాఫీ పెడతాడని మా ఇంట్లో అందరికీ తెలుసు.)

మావయ్య: నిజమే అక్కా, లేదు. కానీ ఉన్న కాగితాల్లో ఆడదాన్ని వెతకడం ఎంత కష్టమో ఈ పనిలో దిగాకే నాకు తెలిసింది. ఈ దేశంలో మొదటి జనాభా లెక్క 1790లో. అప్పటి నుంచి 1840 దాకా ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. మిగతావాళ్ళంతా అంకెలు: ఇంత వయసు ఆడవాళ్ళు ఇందరు అని. 1850లో గాని భార్యకి పేరు రాలేదు. ఆస్తి మొగుడిది, సంతకం మొగుడిది, పెళ్ళితో ఇంటిపేరు మాయం. మరి ఆమెని ఎక్కడ పట్టుకోవాలి? మొగుడు పొలం అమ్మినప్పుడు పట్టుకోవాలి. తన బతుకుతెరువు కింద ఆ భూమిలో మూడో వంతు మీద భార్యకి హక్కుండేది. ఆ హక్కు వదులుకుంటున్నానని ఆమె సంతకమో గుర్తో పెడితేనే కొన్నవాడికి నిశ్చింత. నాన్న వీలునామాలో కూతురికి ఒక ఆవూ, ఒక పరుపూ రాస్తే అక్కడ పట్టుకోవాలి. విధవయ్యాక పట్టుకోవాలి.

అమ్మ: విధవైతే పేరొస్తుందా?

మావయ్య: వస్తుంది. విప్లవ యుద్ధంలో పోరాడిన సిపాయిల విధవలకి పింఛను ఇస్తామని 1836లో పెద్ద చట్టం చేశారు. అప్పటికి యుద్ధమై యాభై ఏళ్ళు. డెబ్భై, ఎనభై ఏళ్ళ ముసలమ్మలు కోర్టుకి వచ్చి, ఫలానావాడే నా మొగుడని ప్రమాణం చేయాలి. పెళ్ళికి రుజువేది? ఆ పల్లెల్లో రిజిస్టర్లెక్కడివి? ఇంట్లో బైబిల్ మొదటి కాగితాల మీద పెళ్ళిళ్ళూ పుట్టుకలూ రాసుకునేవారు. ఆ కాగితాలు చింపి పింఛను ఆఫీసుకి పంపారు. కొందరు, చిన్నప్పుడు గుడ్డ మీద కుట్టుకున్న కుటుంబం పేర్లు పంపారు. అవి ఇవాళ్టికీ వాషింగ్టన్‌లో జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అలాంటి చింపిన కాగితం ఒకటి కంప్యూటర్‌లో చూశాను. పొట్టలో పోయిన బిడ్డ తేదీ కూడా రాసుకుందా తల్లి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మ కాస్త మెత్తబడినట్టు కనిపించింది. కాని ఆవిడ అసలు మాట అప్పటికింకా బయటికి రాలేదు.

అమ్మ: తల్లి పేరు రాయని దేశం అంటున్నావు కదా. తల్లిని బట్టే లెక్క కట్టిన చోటు ఒకటుంది, అది తెలుసా? వర్జీనియాలో ఎలిజబెత్ కీ అని, తల్లి ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస, తండ్రి ఇంగ్లీషువాడు. బిడ్డ తండ్రిని బట్టి కదా, నా తండ్రి స్వతంత్రుడు, నేను బాప్తిస్మం తీసుకున్నదాన్ని, నన్నెలా బానిసగా ఉంచుతారని కోర్టుకెక్కింది. 1656లో గెలిచింది. తన తరఫున వాదించిన గ్రిన్‌స్టెడ్‌నే పెళ్ళి చేసుకుంది. ఆరేళ్ళు తిరక్కుండా, 1662లో వర్జీనియా సభ చట్టం చేసింది, బిడ్డ స్థితి తల్లిని బట్టి అని. ఇంగ్లీషు చట్టం అంతవరకూ తండ్రినే చూసేది. ఆస్తికీ ఇంటిపేరుకీ తండ్రి, సంకెలకి మాత్రం తల్లి. యజమాని తన బానిసని చెరిస్తే పుట్టిన బిడ్డ యజమానికి ఆస్తి. ఒక ఆడమనిషి తన వంశం చెప్పుకుని గెలిచినందుకు లక్షల మంది తల్లుల కడుపుకి తాళం వేశారు. ఇది నాకు ఎప్పుడు గుర్తొచ్చినా కడుపు రగులుతుంది.

మావయ్య: తెలుసక్కా. అందుకే నల్లవాళ్ళు వంశం వెతుకుతుంటే 1870 దగ్గర గోడ అడ్డమొస్తుంది. 1850, 1860 లెక్కల్లో బానిసలకి వేరే పట్టీలు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేరుండదు. విడుదలయ్యాక 1870లో గాని అందరికీ పేర్లు రాలేదు. ఆ గోడ అవతల ఏముందో చూడాలన్న తపనే కదా ‘ఏడు తరాలు’. నాకా పుస్తకం ఇచ్చి చదవమన్నది నువ్వేగా.

అమ్మ: సహవాసి గారు తెలుగు చేసిన పుస్తకం. మా కాలేజీలో అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారింది. తర్వాత, అందులో వంశక్రమం రికార్డులకి పొసగదని ఇక్కడి వంశావళి పండితులు తేల్చారు. అయినా ఆ పుస్తకం మీద నాకు గౌరవం పోలేదు. అందులో కిజీ అనే పిల్లని తల్లి దగ్గర్నుంచి లాక్కెళ్ళి అమ్మేసిన చోటు చదివి ఏడవనివాళ్ళు లేరు మా స్టాఫ్ రూములో. చూడు, కాగితం తప్పని చెప్పినా మనసు వినలేదు.

మావయ్య: మరి కాగితం లేని నోటిమాట నిజమైన సంగతి చెప్పనా? శాలీ హెమింగ్స్. ప్రెసిడెంట్ జెఫర్సన్ ఇంట్లో బానిస. ఆయన భార్యకి తండ్రివైపు చెల్లెలు కూడా. ఆమె కొడుకు మాడిసన్ హెమింగ్స్ 1873లో ఒహాయో పత్రికకి చెప్పాడు, మా తండ్రి థామస్ జెఫర్సన్ అని. వంద ఏళ్ళకి పైగా చరిత్రకారులు ఆ మాటని కొట్టిపారేశారు. ఆ కుటుంబాలు మాత్రం తల్లి నుంచి బిడ్డకి చెప్పుకుంటూనే వచ్చాయి. 1998లో డీఎన్ఏ పరీక్ష చేస్తే శాలీ చిన్నకొడుకు ఈస్టన్ వంశంలోని మగవాళ్ళ క్రోమోజోమ్ జెఫర్సన్ వంశంతో సరిపోయింది. 2000లో జెఫర్సన్ ఇల్లు మాంటిసెల్లోని నడిపే సంస్థే ఒప్పుకుంది. చెప్పక్కా, అక్కడ ఎవరు గెలిచారు? మీ చరిత్రకారులా, ఆ ఇళ్ళలో అమ్మమ్మలా?

అమ్మ: అమ్మమ్మలే. ఒప్పుకుంటాను. కానీ ఆ పరీక్ష పలికింది మగవాళ్ళ క్రోమోజోమ్ గురించే. శాలీ ముఖం ఎలా ఉండేదో చూపించే బొమ్మ ఒక్కటీ లేదు. ఇంకో సంగతి. మాంటిసెల్లోలో జెఫర్సన్ వారసుల శ్మశానం ఉంది. దాని సంఘం 2002లో ఓటు వేసి హెమింగ్స్ వారసుల్ని చేర్చుకోం అంది. నాకు భయం అక్కడే. చెట్టు గీసేవాడి చేతిలో గొడ్డలి కూడా ఉంటుంది. మూలవాసుల పిల్ల పొకహాంటస్ ఉంది కదా, ఆమె వంశంవాళ్ళమని వర్జీనియా దొరల కుటుంబాలు గొప్పగా చెప్పుకునేవి. 1924లో ఆ రాష్ట్రం తెల్లవాళ్ళు ఇతరుల్ని పెళ్ళాడకూడదని చట్టం చేసింది. ఒక్క చుక్క వేరే నెత్తురున్నా తెల్లవాళ్ళు కారు. మరి పొకహాంటస్ మనవల గతేమిటి? పదహారో వంతుకి మించకుండా ఆ నెత్తురుంటే పరవాలేదని సందు వదిలారు. అక్కడ ఆ అమ్మాయి ముత్తవ్వ కాదురా, నగ. పెట్టెలో దాచుకునే నగ. ఆమె సొంత జాతివాళ్ళని అదే చట్టం కాగితాల మీద లేకుండా చేసింది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన ప్రశ్న అమ్మకి తగిలిందని నాకు ఆవిడ ముఖంలోనే తెలిసింది.

మావయ్య: అక్కా, ముప్ఫయ్యేళ్ళు అమెరికా చరిత్ర చెప్పావు. క్లాసులో ఎంతమంది ఆడవాళ్ళ పేర్లు చెప్పావు?

అమ్మ: …సిలబస్‌లో లేరురా.

మావయ్య: ఒక్కళ్ళు?

అమ్మ: ‘అంకుల్ టామ్స్ కేబిన్’ రాసినావిడ. అదీ లింకన్ పాఠంలో. ఆన్ హచిన్‌సన్ పేరు పుస్తకంలో ఒక వాక్యం ఉండేది. బోస్టన్‌లో తన ఇంట్లో ఆడవాళ్ళని కూర్చోబెట్టి మతం మాట్లాడినందుకు 1637లో విచారణ చేసి వెళ్ళగొట్టారని. నోట్సులో రాయించలేదు. పరీక్షలో రాదని.

మావయ్య: నిన్ను తప్పుపట్టడానికి అడగలేదు. చరిత్ర వదిలేసినదాన్ని ఇంటివాళ్ళు దాస్తారని చెప్పడానికి అడిగాను. మెయిన్ అడవుల్లో మార్తా బాలర్డ్ అని మంత్రసాని. 1785 నుంచి 1812 దాకా, ఇరవయ్యేడేళ్ళు, రోజూ నాలుగు ముక్కలు రాసుకుంది. ఏ వాగు దాటి ఎవరికి పురుడు పోసింది, ఎంత ముట్టింది, మగ్గం మీద ఏం నేసింది. 816 పురుళ్ళు. చూసిన పండితులు ఇందులో ఏముంది, ఇంటి పనులేగా అన్నారు. ఇంటివాళ్ళు పారేయలేదు. 1884లో ఆ కట్ట అయిదో తరం ఆడపిల్ల చేతికొచ్చింది, మేరీ హోబర్ట్ అని. ఆమె అప్పుడే డాక్టరీ చదివి బయటికొచ్చింది. ఈ దేశంలో ఆడడాక్టర్లు బాగా తక్కువగా ఉన్న రోజులు. మంత్రసాని రాత డాక్టరు చేతికి! 1930లో ఆమె దాన్ని మెయిన్ రాష్ట్ర లైబ్రరీకి ఇచ్చింది. లారెల్ థాచర్ అల్రిచ్ అనే చరిత్రకారిణి దాని ముందు ఏళ్ళ తరబడి కూర్చుని పుస్తకం రాస్తే 1991లో పులిట్జర్ వచ్చింది. ఇంటివాళ్ళు దాచకపోతే అల్రిచ్‌కి ఏం దొరికేది?

అమ్మ: అది వంశం గొప్ప కాదురా, ఆ పిల్లలకి ముత్తవ్వ పని మీద ఉన్న గౌరవం. అది నాకిష్టమే. వంశం గొప్ప ఎందుకూ కొరగాదని డెబొరా శాంప్సన్‌ని అడుగు. తల్లివైపు ఆ గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ వంశమే. తండ్రి వదిలేసి పోతే పదేళ్ళకే పరాయి ఇంట్లో పనిపిల్లగా కుదిర్చారు. పెద్దయ్యాక మగవేషం వేసుకుని సిపాయిగా చేరి యుద్ధం చేసింది. పింఛను కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకుంది. బ్రాడ్‌ఫర్డ్ నెత్తురు ఒక పూట అన్నమైనా పెట్టలేదు. మరి ఫిలిస్ వీట్లీ? 1761లో బోస్టన్ రేవులో అమ్మకానికి పెట్టిన ఏడెనిమిదేళ్ళ పిల్ల. ఆమెని తెచ్చిన ఓడ పేరు ఫిలిస్, కొన్నవాళ్ళ ఇంటిపేరు వీట్లీ. అమ్మ పెట్టిన పేరేమిటో ఎవరికీ తెలియదు. 1773లో లండన్‌లో పద్యాల పుస్తకం అచ్చయింది. 1784లో పేదరికంలో పోయింది. బిడ్డలెవరూ బతకలేదు. వెనక్కి వెళ్దామంటే తల్లి లేదు, ముందుకు వద్దామంటే బిడ్డ లేదు. నీ కాగితం మీద ఈమెని ఎక్కడ రాస్తావు?

మావయ్య: రాయలేను.

అమ్మ: సేలంలో మంత్రగత్తెలని శిక్ష పడ్డవాళ్ళ పేర్ల మీద మచ్చ తీసేయమని వారసులు వెంటపడి చట్టాలు చేయించారు. 1711లో కొందరికి, 1957లో, 2001లో ఇంకొందరికి. అందరికన్నా ఆఖరున మిగిలింది ఎవరో తెలుసా? ఎలిజబెత్ జాన్సన్. ఆండోవర్ పిల్ల, ఇరవై రెండేళ్ళది. మరణశిక్ష వేశారు, గవర్నర్ ఆపబట్టి ప్రాణం దక్కింది. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు. అందుకే ఆమె తరఫున అడిగేవాళ్ళు లేకపోయారు. 2022లో గాని ఆ మచ్చ పోలేదు. పోగొట్టింది నార్త్ ఆండోవర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలూ, వాళ్ళ టీచరూ. ఏ చుట్టరికమూ లేని పిల్లలు! టీచరుగా ఆ వార్త చదివిన రోజు నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

మావయ్య: అదే సేలం నుంచి నా వైపు మాట ఒకటి చెప్తాను, విను. రెబెకా నర్స్, 71 ఏళ్ళ ముసలమ్మ, చెవుడు. 1692 జులై 19న ఉరి తీశారు. ఆమె వారసులు 1885లో డాన్వర్స్‌లో, ఆ ఇంటివాళ్ళ శ్మశానంలో స్తంభం నిలబెట్టారు. అంతటితో ఊరుకోలేదు. ఏడేళ్ళకి పక్కనే ఇంకో రాయి పెట్టారు. ఆమె మంచి మనిషని కోర్టుకి రాసిన అర్జీ మీద సంతకాలు పెట్టిన 40 మంది ఇరుగుపొరుగు పేర్లతో. సంతకం పెడితే రేపు తమనీ మంత్రగత్తెలంటారని తెలిసి పెట్టినవాళ్ళు. చుట్టరికంతో మొదలుపెట్టినవాళ్ళే, అక్కా, చుట్టాలు కానివాళ్ళ దాకా వెళ్ళారు.

అమ్మ: ఆ నలభై మందిలో ఆడవాళ్ళున్నారా?

మావయ్య: ఉన్నారు. అర్జీకి ముందు నిలబడ్డవాళ్ళు ఇజ్రాయెల్ పోర్టర్, అతని భార్య ఎలిజబెత్. ఈ ఎలిజబెత్ పుట్టిల్లు ఏదో వెతికితే నాకు ఒళ్ళు జలదరించింది. హాథోర్న్ వాళ్ళది. రెబెకాని నిలబెట్టి గద్దించి ప్రశ్నలడిగిన మేజిస్ట్రేట్ జాన్ హాథోర్న్ ఆమెకి స్వయానా తోడబుట్టినవాడు.

అమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కాగితం తన వైపు లాక్కుని, జోన్ హర్స్ట్ ఉన్న గడి మీద వేలుంచి కాసేపు అలాగే కూర్చుంది.

అమ్మ: డాన్వర్స్ ఇక్కడికి ఎంత దూరం?

మావయ్య: పొద్దున్నే బయల్దేరితే గంటన్నర.

అమ్మ: అయితే రేపు పోదాం. ఆ రాయి మీద ఆవిడ పేరు ఎక్కడుందో నాకు చూపించు.